పదిహేనో తారీఖుకే డబ్బులైపోతున్న అబ్బాయికి ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి?

ప్రశ్న: నమస్తే అక్కా. మా బాబుకి 19 ఏళ్లు, కాలేజీలో రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. ఒకటో తారీఖున నెల ఖర్చులకి డబ్బులు వేస్తాం, పదిహేను వచ్చేసరికి అయిపోతాయి, "అమ్మా కొంచెం వెయ్యవా" అని మెసేజ్ పెడతాడు, నేను వాళ్ల నాన్నకి తెలియకుండా వేసేస్తూ వస్తున్నా. మొన్న ఇంటికొచ్చినప్పుడు తెలిసింది, ఫోన్లో ఏదో యాప్‌లో ఇప్పుడు కొనుక్కుని తర్వాత కట్టే పద్ధతిలో మూడు వాయిదాలు నడుస్తున్నాయి, రెండు కట్టలేదు, వాటిమీద ఫైన్ పెరుగుతోంది. ఈయన పెద్ద గొడవ చేశారు, వాడు గది తలుపేసుకుని పడుకున్నాడు. నేను కూర్చోబెట్టి చెప్దామంటే "క్లాస్ పీకకమ్మా" అంటాడు. మా నాన్నగారు మాకెప్పుడూ డబ్బు విషయాలు చెప్పలేదు, పెళ్లయ్యేదాకా నేను బ్యాంకు మొహం చూళ్లేదు. పాపకి 13 ఏళ్లు, అది ఇదంతా చూస్తోంది. ఇంటి పనులు చేస్తే దానికి డబ్బులిమ్మని ఒకరు చెప్పారు, అది మంచిదేనా? అసలెక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: చూడండమ్మా, ఇది 19 ఏళ్లకే బయటపడటం నిజంగా మంచిదయింది. ఇదే అలవాటు ఉద్యోగం వచ్చాక, జీతం స్లిప్పు చూసి పెద్ద పెద్ద లోన్లు ఇస్తామని వెంటపడే రోజుల్లో బయటపడి ఉంటే సర్దుకోవడానికి ఏళ్లు పట్టేది. ఇప్పుడున్నది మూడు వాయిదాలు. కష్టమే కానీ చేతిలో ఉన్న కష్టం. కాబట్టి బాబుని ఏదో నేరం చేసినవాడిలా చూడొద్దని ముందు మీవారికి చెప్పండి, ఎందుకంటే ఇక్కడ మనకి అన్నిటికన్నా కావాల్సింది రేపు ఇంకో అప్పు అయితే అది మీ దగ్గర దాచకుండా చెప్పే ధైర్యం వాడికి మిగలడం.

నేర్పడం తర్వాత సంగతి, ముందు ఆ వాయిదాలు. మనం ఆలోచించుకుంటున్న రోజుల్లో కూడా అవి పెరుగుతూనే ఉంటాయి కదా. ఒక తెల్ల కాగితం తీసుకుని బాబుని రాయమనండి, మీరు పెన్ను పట్టుకోకండి. ఎవరికి కట్టాలి, మొదట ఎంత తీసుకున్నాడు, ఇవాళ్టికి ఎంత ఉంది, వడ్డీ ఎంత, ఫైన్ ఎంత, గడువు ఏ తారీఖు. చాలామంది పిల్లలకి (పెద్దలకి కూడా) తమ అప్పు మొత్తం ఎంతో తెలీదు, ఒక్కో యాప్‌లో ఒక్కో ముక్క ఉంటుంది, ముక్కలుగా చూస్తే ఏదీ పెద్దగా అనిపించదు. అన్నీ ఒకే కాగితం మీదకి వచ్చి కింద కూడిక వేసేటప్పుడు మొహంలో మార్పు వస్తుంది చూడండి, ఆ టైమ్‌లో మీరు ఏమీ అనకండి. ఒక్క మాట కూడా. ఆ అంకె చెప్పాల్సింది చెప్పేస్తుంది.

ఆ తర్వాత వడ్డీ లెక్క కలిసి వేయండి. నెలకి 3 శాతం అంటే ఎవరికైనా చిన్నగానే వినిపిస్తుంది, వంద మీద మూడే కదా అనుకుంటారు. పది వేలు అప్పుంది, ఏమీ కట్టకుండా వదిలేశాడు, వడ్డీ మీద వడ్డీ పడుతోంది అనుకోండి. ఏడాదికి అది 14,258 అవుతుంది, రెండేళ్లు తిరిగేసరికి 20 వేలు దాటుతుంది. ఇంకో లెక్క కూడా చూపించండి, ఇది చాలామందికి తెలియనిది. క్రెడిట్ కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ అని, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సిన మొత్తం, ఒకటుంటుంది కదా, అది 5 శాతం అనుకుందాం, పది వేల మీద 500 కట్టాడు, అందులో 300 ఆ నెల వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 200. అలా ప్రతి నెలా మినిమమ్ మాత్రమే కడుతూ పోతే, కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకపోయినా, అసలు సగానికి రావడానికే దాదాపు మూడేళ్లు పడుతుంది. నేను టైమ్‌కే కడుతున్నా కదా అనే ధైర్యంతో ఉన్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి బాబుతోనే నొక్కించండి, మీరు చెప్తే క్లాస్ అవుతుంది, తను నొక్కితే లెక్క అవుతుంది.

ఇక తీర్చడం ఎలా అంటే, మీ దగ్గర వెసులుబాటు ఉంటే ఆ మొత్తం మీరే కట్టేసి వాయిదాలు మూసేయండి, ఫైన్లు పడుతున్న అప్పుని పాఠం కోసమని అలాగే ఉంచడం తెలివైన పని కాదు. అయితే ఊరికే కట్టొద్దు. ఆ డబ్బు బాబు మీకు ఇవ్వాల్సిన అప్పుగా మారాలి, వడ్డీ లేకుండా, నెలకింత అని కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టి. ఎంతైతే తన నెల డబ్బుల్లోంచి కడుపు మాడ్చుకోకుండా ఇవ్వగలడో అంతే పెట్టండి, ఎనిమిది నెలలు పట్టనీ, పది నెలలు పట్టనీ. అది ఒకటో తారీఖున మీరు కోసుకుని పంపడం కాకుండా, మొత్తం తన అకౌంట్లో పడ్డాక తను మీకు తిరిగి పంపాలి. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ చేతికొచ్చిన డబ్బులోంచి అప్పు కట్టడం అనేది ఒక అనుభవం, అది కోసుకుంటే రాదు. ఒకవేళ మీరు ఒక్కసారి అంత కట్టే పరిస్థితి లేకపోతే, లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీర్చాలి. కానీ మూడింట్లో ఒకటి మరీ చిన్నదైతే అది ముందు మూసేయమంటాను నేను, ఒకటి అయిపోయిందన్న ఊపిరి ఆ వయసు పిల్లలకి చాలా సాయం చేస్తుంది. తీరిన ప్రతిదానికీ అప్పు తీరినట్టు మెసేజో లెటరో తీసుకుని దాచమనండి, యాప్‌లో ఆటో డెబిట్ ఆపేశారో లేదో కూడా చూడండి.

ఇంకొకటి నెమ్మదిగా అడిగి తెలుసుకోండి, అవి నిజంగా వస్తువుల వాయిదాలేనా, లేక ఆన్‌లైన్ బెట్టింగో, డబ్బులు పెట్టి ఆడే ఆటలో వెనకాల ఉన్నాయా అని. వస్తువులైతే ఇది అలవాటు సమస్య. పోయిన డబ్బు మళ్లీ ఆడి రాబట్టాలన్న తహతహ ఉంటే మాత్రం అది వేరే సంగతి, దానికి బడ్జెట్ పాఠాలు పనికిరావు, కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఆలస్యం చేయొద్దు. అలాగే అప్పు ఇచ్చినవాళ్లు ఫోన్లో బెదిరించడం, కాంటాక్టుల్లో వాళ్లకి మెసేజులు పెడతామనడం లాంటివి జరుగుతుంటే భయపడి ఇంకో చోట అప్పు తెచ్చి కట్టకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టి పోలీసులకి కంప్లైంట్ ఇవ్వండి. పిల్లలు దీన్ని సిగ్గుతో దాచి చాలా దూరం వెళ్లిపోతారు, అందుకే అడగమంటున్నా.

ఇప్పుడు మీకు కొంచెం కష్టంగా అనిపించే మాట చెప్పాలి, ప్రేమతోనే చెప్తున్నా. పదిహేనో తారీఖున మీరు వేసే ఆ డబ్బే బాబుకి ఇన్నాళ్లూ నడుస్తున్న పాఠం. ఒకటో తారీఖున వచ్చేది మొత్తం కాదు, అయిపోతే ఇంకా వస్తుంది అని ప్రతి నెలా మీరే నేర్పిస్తున్నారు, అది కూడా నాన్నకి తెలియకుండా, అంటే డబ్బు విషయం ఇంట్లో ఒకళ్ల దగ్గర దాచొచ్చు అని కూడా నేర్చుకున్నాడు. ఆ యాప్‌లో వాయిదాలు దాచడం ఎక్కడినుంచో రాలేదు. మీరు తల్లి మనసుతో చేశారు, ఆకలితో ఉంటాడేమో అన్న బెంగతో చేశారు, అది నాకు అర్థమవుతుంది. కానీ అయిపోతుంది అన్నది నిజంగా అయిపోతేనే తెలుస్తుంది. ముందు మీవారికి ఈ సంగతి మీరే చెప్పేయండి, గొడవైనా పర్లేదు, ఇద్దరూ ఒకే మాట మీద లేకుండా పిల్లలకి డబ్బు నేర్పడం కుదరదు.

ఆపడం అంటే ఒక్కసారిగా తాడు తెంపినట్టు ఆపొద్దు. నెల రోజులు ఒక మొత్తాన్ని సర్దుకోవడం రానివాడికి నెల డబ్బులు ఒక్కసారి ఇస్తే మళ్లీ అదే జరుగుతుంది. కాబట్టి కొన్నాళ్లు వారం వారం వేయండి, ప్రతి సోమవారం అనుకోండి. శుక్రవారానికి అయిపోతే శని ఆదివారాలు రెండు రోజులు గట్టిగా ఉంటుంది, అంతే, రెండు రోజులే. పదిహేను రోజుల ఇబ్బంది పడితే మనిషి అప్పుకి వెళ్తాడు, రెండు రోజుల ఇబ్బంది పడితే వచ్చే వారం గురించి ఆలోచిస్తాడు. వారాలు సర్దుకోవడం వచ్చాక పదిహేను రోజులకి, ఆ తర్వాత నెలకి మార్చండి. ఎంత వేయాలో కూడా మీరొక్కరే తేల్చొద్దు. రీచార్జి, ప్రయాణం, పుస్తకాలు, బట్టలు, ఫ్రెండ్స్‌తో బయటికెళ్లడం, ఇలా ఏది తన డబ్బులోంచి పెట్టుకోవాలి, ఏది మీరు పెట్టాలి అనేది ముందే గీత గీసుకుని, తననే ఒక అంకె చెప్పమనండి, ఎందుకంతో వివరించమనండి. తక్కువ అనిపిస్తే పెంచండి కూడా, మరీ చాలని డబ్బు ఇచ్చి పొదుపు నేర్పలేం.

ఒక మినహాయింపు మాత్రం గట్టిగా, స్పష్టంగా చెప్పాలి. ఒంట్లో బాగోకపోయినా, ఉన్నపళంగా ఇంటికి రావాల్సొచ్చినా, ఎవరైనా బెదిరిస్తున్నా, అది అర్ధరాత్రైనా సరే ఫోన్ చెయ్యి, ఆ డబ్బు నీ లెక్కలోకి రాదు అని. ఇది చెప్పకుండా డబ్బులు ఆపేస్తే పిల్లలు నిజమైన ఆపదని కూడా దాచేస్తారు.

వారం డబ్బులు వేస్తానన్న రోజున వేయడం మీ వంతు, అది ఆలస్యం చేయొద్దు, కోపంలో ఉన్నా సరే. ఎందుకంటున్నానంటే, అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు చిన్నపిల్లలతో చేసిన ఒక ప్రయోగం 2013లో వచ్చింది. ముందు పిల్లలకి మంచి రంగుల పెన్సిళ్లు తెస్తామని చెప్పి, సగం మందికి తెచ్చిచ్చారు, సగం మందికి లేవని చెప్పేశారు. తర్వాత అందరి ముందూ ఒక్కో స్వీట్ పెట్టి, ఇప్పుడే తినకుండా ఆగితే రెండోది ఇస్తామన్నారు. మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పినవాళ్ల దగ్గర 3 నిమిషాలే. రేపు నిజంగా వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్లే ఇవాళ ఆగగలరు. అందుకే బాబుకి కంట్రోల్ లేదు, వాడంతే అనే మాట ఇంట్లో వాడకండి, అలా అంటూ ఉంటే తనూ అదే నమ్మేస్తాడు. ఆగితే లాభం ఉంటుందని తనకి ఎప్పుడైనా అనుభవంలోకి వచ్చిందా లేదా అని చూడండి.

ఇక ఆ ఫోన్ సంగతి. మనం నోట్లు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు చేతికి తెలుస్తుంది, పర్సు పల్చబడటం కంటికి కనిపిస్తుంది, స్కాన్ చేసి పిన్ కొడితే ఏమీ తెలీదు. ఇది ఈ తరం పిల్లల తప్పేం కాదు. 2001లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు తమ ఎంబీఏ విద్యార్థుల మధ్య బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలం పెట్టారు, కొందరికి క్యాష్‌గా కట్టాలని, కొందరికి కార్డుతో కట్టాలని చెప్పారు. కార్డు వాళ్లు క్యాష్ వాళ్లకంటే రెట్టింపు దాకా పాడారు. బిజినెస్ చదివే పెద్ద పిల్లలే అలా చేశారంటే మన వాళ్ల గురించి చెప్పేదేముంది. కాబట్టి ఉపదేశం కన్నా ఏర్పాట్లు ఎక్కువ పనిచేస్తాయి. షాపింగ్ యాపుల్లో సేవ్ చేసిన కార్డు తీసేయమనండి, ప్రతిసారీ నంబరు కొట్టాల్సొస్తే సగం కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి. ఖర్చుకి ఒక అకౌంట్, దాచుకోడానికి వేరే అకౌంట్ పెట్టుకుని, ఫోన్‌తో కట్టే యాప్‌కి ఖర్చు అకౌంట్ మాత్రమే కలపాలి. ప్రతి ఖర్చుకీ బ్యాలెన్స్‌తో సహా మెసేజ్ వచ్చేలా పెట్టుకోవాలి. అత్యవసరం కానిదేదైనా కార్టులో వేసి ఒక రోజు ఆగి చూడటం కూడా మంచిదే.

ఒక పని మాత్రం తప్పకుండా చేయించండి. గత నెల అకౌంట్ స్టేట్‌మెంట్ తీసి, ఒక్కో లైను పక్కన పెన్సిల్‌తో మూడింట్లో ఒకటి రాయమనండి: కావాల్సింది, ఇష్టపడి కొన్నది, గుర్తులేదు. కావాల్సినవాటి గురించి మాట్లాడే పనే లేదు. ఇష్టపడి కొన్నవాటిని కూడా ఏమీ అనకండి, అది తన ఇష్టం, ఇష్టమైనదానికి ఖర్చుపెట్టడం తప్పు కాదు. చూడాల్సింది ఆ గుర్తులేదు అన్న వరస. పదకొండో తారీఖు రాత్రి ఏదో యాప్‌కి పోయింది, ఏంటది? ట్రయల్ అయిపోయాక ప్రతి నెలా కోసుకుంటున్న సబ్‌స్క్రిప్షన్, ఎవరో కట్టమంటే కట్టేసి మళ్లీ అడగని వాటా, చిన్న చిన్నవి వరసగా పది. ఆ వరసని కూడి చూస్తే మీరు నెల మధ్యలో వేస్తున్న మొత్తానికి చాలా దగ్గర్లో ఉంటే నేనేం ఆశ్చర్యపోను. అదే టైమ్‌లో మీరు కూడా మీ స్టేట్‌మెంట్ తీసి పక్కనే కూర్చుని అదే పని చేయండి, మీకూ ఆ వరస ఉంటుంది, దాచకుండా చూపించండి. పక్కన కూర్చుని తనతోపాటు చేస్తున్న అమ్మని క్లాస్ పీకుతోందని అనలేడు కదా.

క్లాస్ పీకొద్దని బాబు అనడంలో కొంత న్యాయం ఉంది, నిజంగానే. 2014లో ముగ్గురు పరిశోధకులు డబ్బు గురించి చదువు చెప్పే కార్యక్రమాల మీద అప్పటిదాకా జరిగిన 201 అధ్యయనాలని కలిపి చూస్తే, మనిషికీ మనిషికీ డబ్బు ప్రవర్తనలో ఉండే తేడాల్లో ఆ పాఠాలవల్ల వచ్చింది 0.1 శాతం దగ్గర తేలింది, గంటలకొద్దీ చెప్పినవి కూడా 20 నెలలు గడిచేసరికి దాదాపు ఏమీ మిగలట్లేదన్నారు. తర్వాత 2022లో ఇంకా గట్టి పద్ధతిలో చేసిన 76 ప్రయోగాలని కలిపి చూసినవాళ్లకి అంతకన్నా మంచి ఫలితాలే కనిపించాయి, కాబట్టి చదువు పనికిరాదని కాదు. నేను ఇందులోంచి తీసుకునేది ఏంటంటే, అవసరం వచ్చిన రోజున చెప్పింది నిలబడుతుంది, ఊరికే చెప్పింది పోతుంది. ఇన్సూరెన్స్ గురించి బండి కొనే రోజున మాట్లాడండి, టాక్స్ గురించి మొదటి జీతం వచ్చిన నెలలో, అద్దె అగ్రిమెంట్ గురించి రూము మారేటప్పుడు. ఇప్పుడు బాబు చేతిలో ఉన్నది అప్పు, కాబట్టి ఇప్పుడు వడ్డీ గురించి మాత్రమే చాలు.

మీ నాన్నగారి గురించి రాశారు కదా, ఎప్పుడూ ఏమీ చెప్పలేదని. ఆ తరంలో చాలామంది పిల్లలకి భారం తెలియకూడదనే అలా ఉన్నారు. కానీ దాని ఫలితం మీరే చూశారు, పెళ్లయ్యేదాకా బ్యాంకు తెలీదు. మీ ఇంట్లో అది కొనసాగకూడదు. జీతం ఎంతో చెప్పడానికి మీవారికి ఇబ్బందిగా ఉంటే చెప్పక్కర్లేదు, ఇంటికి నెలకి అయ్యే ఖర్చులు చెప్పండి చాలు. నెలకోసారి నలుగురూ కూర్చుని కరెంటు, నెట్, ఫీజులు, మందులు, లోన్ ఉంటే లోన్, ఏ నెలలో ఏది పెరిగింది, ఎందుకు పెరిగింది అని పావుగంట మాట్లాడుకోండి. మీరు ఏదైనా కొనాలనుకుని ఎందుకు వాయిదా వేశారో పిల్లల ముందు చెప్పండి, పెద్దవాళ్లు కూడా ఆగుతారని వాళ్లకి తెలీదు, వాళ్లకి కనిపించేది మనం కొన్న రోజే. ఇంట్లో ఒక బిల్లు బాబుకి అప్పగించేయండి, ఉదాహరణకి నెట్ బిల్లు, డబ్బు మీరే పంపుతారు కానీ గడువులోపల కట్టడం, ఇంకా తక్కువలో మంచి ప్లాను ఉందేమో చూడటం తన పని. ఒక నెల మర్చిపోయి నెట్ పోతే పోనీయండి.

పాప విషయానికొస్తే, రోజూ చేసే పనులకి డబ్బులివ్వొద్దనే నేనంటాను. తన పక్క తను సర్దుకోవడం, తిన్న కంచం తీయడం, ఇవి ఇంట్లో మనిషిగా చేయాల్సినవి, వాటికి రేటు కడితే రేపు "ఇవాళ నాకు డబ్బులొద్దులే, చేయను" అంటే మీ దగ్గర సమాధానం ఉండదు. 1973లో మార్క్ లెపర్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆయన తోటివాళ్లు చేసిన ప్రయోగంలో బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లలకి వేస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశపెట్టి వేయించారు, తర్వాత ఆ పిల్లలే మామూలుగా ఆడుకునే టైమ్‌లో బొమ్మలేయడం బాగా తగ్గించేశారు. అందుకే పాకెట్ మనీ వేరు, పనులు వేరు. మామూలుగా మీరు బయటివాళ్లకి డబ్బిచ్చి చేయించుకునే పెద్ద పని ఏదైనా పాప చేస్తానంటే దానికి ఇవ్వండి, బేరమాడి మరీ ఇవ్వండి, అది కూడా ఒక పాఠమే.

13 ఏళ్ల పిల్లకి నేనైతే బట్టల బడ్జెట్ ఇచ్చేస్తాను. ఆరు నెలలకి దానికి బట్టలకి ఎంత పెడతారో ఆ మొత్తం చెప్పి, ఏం కొనుక్కోవాలో తననే తేల్చుకోమనండి, స్కూలు యూనిఫామ్, చెప్పులు మీవి, మిగతావి తనవి. మొత్తం పెట్టి ఒక్క జాకెట్ కొనేసుకుంటే? కొనుక్కోనివ్వండి. నాలుగో నెలలో పాత డ్రెస్సులతో ఫంక్షన్‌కి వెళ్లాల్సి వచ్చినప్పుడు మొహం చిన్నబుచ్చుకుంటుంది, మీకు గుండె కలుక్కుమంటుంది, అయినా ఆగండి, "నేను చెప్పానా" అని మాత్రం అనొద్దు. వచ్చే ఆరు నెలలకి ఏం మార్చుకుంటావు అని అడగండి, అంతే. పాత బట్టలతో ఒక ఫంక్షన్ గడపడం కన్నా చవగ్గా ఈ సంగతి తెలిసే దారి ఇంకోటి లేదు. ఆటల యాపుల్లో లోపల ఏముందో తెలియని పెట్టెలు డబ్బులిచ్చి కొనిపిస్తుంటారు, వాటిని 2018లో బెల్జియం జూదంగా లెక్కకట్టింది, అలాంటివి పాప ఫోన్లో ఉన్నాయేమో చూసి, పాస్‌వర్డ్ లేకుండా కొనుగోలు జరగకుండా సెట్టింగ్ మార్చండి. ఇక్కడ మాత్రం అనుభవంతో నేర్చుకోనీ అని వదలొద్దు, అవి పిల్లలు ఆగలేనట్టే తయారుచేసినవి.

బాబు వయసుకి ఇంకో రెండు మూడు ప్రమాదాలు చెప్పి ఉంచాలి, ఇవి ఒకసారి జరిగితే చిన్న తప్పుతో పోయేవి కావు. నీ అకౌంట్ కాసేపు వాడుకుంటాం, డబ్బులొస్తాయి, వేరే చోటికి పంపితే కమీషన్ నీది అని కాలేజీ పిల్లల్ని అడిగేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అది మోసం చేసి తెచ్చిన డబ్బు, కేసు అకౌంట్ ఎవరిదైతే వాళ్ల మీద పడుతుంది, తెలీదంటే ఊరుకోరు. ఫ్రెండ్ లోనుకి హామీ సంతకం పెడితే ఫ్రెండ్ కట్టనప్పుడు తనే కట్టాలి, మొహమాటం ఉన్న పిల్లలు ఇక్కడ దొరికిపోతారు, "అమ్మ ఒప్పుకోదు" అని మీ పేరు చెప్పి తప్పించుకోమనండి, ఆ నింద మీరు మోయండి. గ్యారంటీగా డబ్బు రెట్టింపు అనేవాళ్లు ఇంకో రకం. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం అన్నాడు, మొదట్లో చేరినవాళ్లకి ఇచ్చాడు కూడా, తర్వాత చేరినవాళ్ల డబ్బుల్లోంచి తీసి. కొత్తవాళ్లు రావడం ఆగగానే కూలిపోయింది. నూరేళ్లు దాటింది, పేర్లు మారాయి, ఇప్పుడు ఫోన్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్లు పెట్టి అదే నడుస్తోంది. ఫ్రెండ్‌కి నిజంగా డబ్బులొచ్చాయి అని బాబు అంటే, వచ్చే ఉంటాయి, పథకం నడిచేదే అలా అని చెప్పండి.

పొదుపు గురించి ఇప్పుడే పెద్దగా మొదలుపెట్టొద్దు, అప్పు తీరాక. తీరిన తర్వాతి నెలే మొదలుపెట్టాలి కానీ, ఎందుకంటే అప్పటికి నెలకింత పక్కన పెట్టడం అలవాటైపోయి ఉంటుంది, మీకు కట్టే ఆ మొత్తమే ఇక తన పొదుపు అకౌంట్లోకి ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టేస్తే సరిపోతుంది, డబ్బు పడిన రోజునే వెళ్లాలి, మిగిలితే దాద్దాం అనుకుంటే మిగలదు. మొదట రెండు నెలల ఖర్చు చేతికందే చోట పోగవ్వాలి, అది ఉంటే మళ్లీ ఆ యాప్ దగ్గరికి వెళ్లే అవసరం రాదు. ఆ తర్వాత పెట్టుబడుల సంగతి. అప్పుడు 72 లెక్క చెప్పండి, 72ని వడ్డీ శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా వచ్చేస్తుంది. 1494లోనే లూకా పాచోలీ అనే ఇటలీ గణిత పండితుడు ఇది రాసి పెట్టాడు. 8 శాతం వస్తే తొమ్మిదేళ్లకి రెట్టింపు. 20 ఏళ్ల వయసులో పెట్టింది 65 వచ్చేసరికి అయిదుసార్లు రెట్టింపై 32 రెట్లవుతుంది, అదే 29లో పెడితే నాలుగుసార్లే, 16 రెట్లు. తొమ్మిదేళ్లు ఆలస్యం చేస్తే చివరికి చేతికొచ్చేది సగం. అదే 72 ధరలకీ పనిచేస్తుంది, ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే 12 ఏళ్లకి ఇంట్లో దాచిన నోటు విలువ సగమవుతుంది. మొదట చూసిన ఆ నెలకి 3 శాతం అప్పుకి కూడా వేసి చూడమనండి, 72ని 3తో భాగిస్తే 24 నెలలు, సరిగ్గా కాలిక్యులేటర్‌లో వచ్చిన రెండేళ్లే.

మీవారి గురించి ఒక్క మాట. ఆయన కోపం వెనక భయం ఉంది, కొడుకు అప్పులపాలవుతాడేమోనని. ఆ భయం కోపంగా కాకుండా భయంగానే చెప్తే బాబు వింటాడు. "నువ్వు ఇరుక్కుంటావేమో అని భయమేసి అరిచాను నాన్నా, అప్పు సంగతి కలిసి చూద్దాం, కట్టేది మాత్రం నువ్వే" అని ఆయన నోటితో వస్తే మీరు పది రోజులు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది. వీలైతే ఆయనకి కూడా ఆ వయసులో డబ్బు విషయంలో ఏదైనా ఎదురుదెబ్బ తగిలి ఉంటే, అది ఎలా దాటారో కూడా చెప్పమనండి.

మొదటిసారి కూర్చునేది ఈ ఆదివారమే పెట్టుకోండి, గంట దాటనివ్వకండి. ఆ రోజు అప్పుల కాగితం, కట్టే పద్ధతి, వారం డబ్బుల అంకె, ఈ మూడే. స్టేట్‌మెంట్ మీద రాయడం వచ్చే నెల. ఒకవేళ స్టేట్‌మెంట్ చూపించనంటే బలవంతం చేయకండి, 19 ఏళ్లవాడు, తనకంటూ కొన్ని ఉంటాయి, తన గదిలో కూర్చుని తనే రాసుకుని ఆ మూడు వరసల మొత్తాలు మాత్రం మీకు చెప్తే చాలు. అప్పుల కాగితం విషయంలో మాత్రం ఆ సడలింపు వద్దు, ఎవరికి ఎంత, ఏ తారీఖుకి అన్నది మీ ముందే రాయాలి. ఈలోపు పదిహేనో తారీఖు వచ్చి మెసేజ్ వస్తే, జవాబివ్వకుండా ఉండొద్దు, కసురుకోనూ వద్దు, "ఈసారి వేయను నాన్నా, ఆదివారం దాకా ఎలా సర్దుకుంటావో చెప్పు, ఫోన్ చెయ్యనా?" అని అడిగి, ఫోన్ చేసి, తను చెప్పేది చివరిదాకా వినండి. ఒక రెండు నెలలు చూసి మళ్లీ నాకు రాయండి, వారం నుంచి పదిహేను రోజులకి ఎప్పుడు మార్చాలో అప్పుడు చూద్దాం.